మూడో పేజీలో వాక్యం

మిషిగన్, సరస్సు ఒడ్డు
1983 నవంబరు 9

నాన్నకు,

సైమా ప్రేమతో రాస్తున్నది. ఇక్కడ నేనూ లెంపి అత్తా బాగానే ఉన్నాం. ఓడలో మీ వంటగదీ, మీ నడుమూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టకుండా ఉన్నాయని తలుస్తాను.

మీరు అడిగిన వాటికి వరసగా జవాబులు. పొయ్యి గొట్టం బాగు చేయించాం. అత్త మోకాలు మెట్లు దిగేటప్పుడే నొప్పి, ఎక్కేటప్పుడు లేదట. "దిగడం మానేస్తే సరి" అంటోంది. కట్టెలు మార్చి నెల దాకా సరిపోతాయి. కాలేజీలో ఇంగ్లీషు తరగతి ఎలా ఉందని అడిగారు. ఇవాళ దాని గురించే ఎక్కువ రాయాలి. మీ ఉత్తరం చివర రాసిన ఆ మాటకు నేనూ చివరే జవాబు రాస్తాను. తొందరపడి కిందికి చూడకండి.

సెప్టెంబరులో మిసెస్ పెల్కీ మాకొక కథ ఇచ్చి, విశ్లేషిస్తూ వ్యాసం రాయమన్నారు. ఒక దీవిలో అక్కాచెల్లెళ్లుంటారు. చెల్లెలు పోటు వేళ ఒడ్డుకు వెళ్లి తిరిగి రాదు. ఆ పిల్ల మొండితనమే ఆమెను ముంచిందని నేను రాశాను. ఐదు పేజీలు. అత్త గని ఆఫీసులో టైపిస్టుగా చేసింది కదా, తనే టైపు చేసిపెట్టింది.

వ్యాసం దిద్ది ఇచ్చినప్పుడు మూడో పేజీలో ఒక వాక్యం చుట్టూ ఆకుపచ్చ సిరాతో సున్నా ఉంది. పక్కన, "రుజువేది? ఏ పేజీలో ఉంది?" అని.

వాక్యం ఇది: ఆ పిల్ల తనంతట తాను వెళ్లలేదు.

నేను అది రాయలేదు నాన్నా. ఇంటికొచ్చి అత్తను నిలదీశాను.

"నేను కాగితం మీదున్నదే కొడతానే. సొంత కవిత్వం కలపడానికి నాకేం పట్టింది?" అంటూ నా చేతిరాత ప్రతి తెచ్చి చూపించింది. వాక్యం అందులో ఉంది. పెన్సిలు నాదే, కాగితం నాదే. కానీ అక్షరాలు ఎడమకు వాలి ఉన్నాయి. వాటి మీదుగా బూడిదరంగు మరక, ఎడమచేత్తో రాసేవాళ్ల చేయి పాకినట్టు.

మనింట్లో ఎడమచేతి వాటం ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. అత్త ఆ కాగితం బోర్లించి, పైన పంచదార డబ్బా పెట్టింది.

నేను మొత్తం తిరగరాశాను. అత్త పగటిపూట, కిటికీ పక్కన, నేను చూస్తుండగానే టైపు చేసింది. నాలుగువైపులా అంగుళం ఖాళీ, వరసకీ వరసకీ ఎడం, కుడివైపు పై మూలన ఇంటిపేరూ పేజీ సంఖ్యా, అన్నీ తరగతిలో చెప్పినట్టే. ఇద్దరం పైకి చదివాం. ఆ వాక్యం లేదు. కవరులో పెట్టి నేనే అంటించాను.

మర్నాడు తరగతిలో కవరు చింపి చదువుతున్నాను. మూడో పేజీకి వచ్చేసరికి నా నోరే ఆ మాటలు పలికింది. "ఆ పిల్ల తనంతట తాను వెళ్లలేదు. ఒకరు పంపారు." ఈసారి రెండు వాక్యాలు. తర్వాత వరసలు లెక్కపెట్టాను. ఒక వరస పెరిగింది. అయినా పేజీ చివరి మాట మారలేదు, కింది అంగుళం ఖాళీ అంగుళంలాగే ఉంది. ఎక్కడా ఇరికించినట్టు లేదు. మొదటినుంచీ ఆ వాక్యాలకు అక్కడ చోటు ఉంచినట్టే ఉంది.

మిసెస్ పెల్కీ నన్ను ఆగమన్నారు. "ఇందులో బాగున్న వాక్యాలు ఆ రెండే, సైమా. కానీ రుజువు లేకుండా ఉండనివ్వను. రుజువు తెస్తావా, కొట్టేస్తావా?"

"కొట్టేస్తే పోవడం లేదండీ" అన్నాను. ఆవిడ నవ్వారు. నేను పరిహాసమాడాననుకున్నారు.

కథ మళ్లీ చదివాను. అప్పటికి తొమ్మిదిసార్లు చదివాను. నలభై ఒకటో పేజీలో, చెల్లెలు గుమ్మం దాటే ముందు, వెళ్లడానికి తొడుక్కున్న కోటును అక్క అప్పటికే విప్పి కొక్కేనికి తగిలించి ఉంటుంది. అంటే ఆ రోజు వెళ్లవలసింది అక్క. నా కళ్లు ప్రతిసారీ ఆ వరసను దాటేసి పోయాయి.

వ్యాసమంతా మార్చి రాశాను. చివరి పేజీలో ఆధారాల పట్టిక ఉండాలి, నాకున్నది ఒకే ఆధారం, ఆ కథ. అత్త టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇది నువ్వు రాశావా?"

"లేదత్తా."

"మరి నేనే కొట్టానా?"

కథ పేరు కింద రెండో ఆధారం ఉంది. హర్యు, ఇర్యా. స్వయంగా చెప్పినది. ముందు మన ఇంటిపేరు, తర్వాత చెల్లి పేరు, చుక్కలు, అన్నీ పద్ధతి ప్రకారమే.

అత్త నా వైపు తిరిగి అడిగింది: "ఏం చెప్పిందే అది నీతో?"

ముందు అత్తకు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీ ఉత్తరం చివర రాశారు: "మంచు గట్టిపడ్డాక నువ్వొక్కదానివే వెళ్లగలవని ఫోనులో నేను పొగడకపోతే, ఇర్యా ఆ రోజు గడ్డకట్టిన సరస్సు మీదికి వెళ్లి మునిగేది కాదు" అని. మూడేళ్లుగా ఆ మాటే రాస్తున్నారు. నేను మూడేళ్లుగా జవాబు రాయలేదు.

సరస్సులో వేసిన చేపల గాలాలు తేవలసిన వంతు ఆ రోజు నాది. చలికి బద్ధకించి, వేసుకున్న కోటు విప్పేశాను. "నువ్వెళ్లి తెస్తే వారం రోజులు నీ గిన్నెలు నేను తోముతా" అని ఇర్యాతో అన్నాను.

"రెండు వారాలు."

"సరే, పో."

అది గుమ్మంలో ఆగింది. "గట్టిపడ్డాకే వెళ్లమన్నాడు నాన్న" అంది.

"గట్టిపడిందిలే. నేను చూశా."

నేను చూడలేదు నాన్నా. ఆ రోజు అసలు బయటికే వెళ్లలేదు. చెల్లి మీ మాట మరచిపోలేదు, మీ పొగడ్తకు పొంగిపోయీ వెళ్లలేదు. నా మాట నమ్మి వెళ్లింది. తనే చెప్పకుండా వెళ్లిందని నేను మీకూ, షెరీఫుకూ, పాస్టరుకూ చెప్పాను.

ఆ ఆధారం తీసేయకుండానే వ్యాసం ఇచ్చాను. మిసెస్ పెల్కీ దాని పక్కన "తేదీ వేయాలి" అని మాత్రం రాశారు. చెల్లి వెళ్లిన రోజు, డిసెంబరు 6, 1980 అని నా చేత్తో వేసి తిరిగి ఇచ్చాను. ఆ తర్వాత ఏ కాగితంలోనూ ఏమీ కనిపించలేదు. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా భయంగానే ఉంది.

మీ ఓడ ఇరవయ్యో తేదీన సూ దగ్గరి ఓడల లాకుల్లోంచి కింది సరస్సులోకి దిగుతుందట. నేనూ అత్తా బస్సులో వచ్చి కంచె దగ్గర నిలబడతాం. లాకులో నీళ్లు దిగేదాకా ఓడ కదలదు కదా. మీకు నా ముఖం చూడాలనిపిస్తే డెక్కు మీదికి రండి. అనిపించకపోయినా తప్పు పట్టను. ఓడ వెనక చివర గేటు దాటేదాకా అక్కడే ఉంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి
సైమా