మగ్గానికి పెట్టిన పేరు

పొదటూరుపేట,
24-5-1984.

చిరంజీవి తంగరాజుకు, నీ నాయన ఎల్లప్ప దీవించి రాసే సంగతులు. తిరుత్తణి స్వామి దయవల్ల నేను, నీ కూతురు వళ్ళి ఇద్దరమూ బాగున్నాము. నువ్వు, కోడలు, చిన్నవాడు అక్కడ భిలాయి ఎండకు ఎట్లా ఉన్నారో అని రోజూ తలుచుకుంటాను.

నీ జాబు పోయిన గురువారం అందింది. మోకాలి సంగతి అడిగావు. మగ్గం గుంటలోకి దిగేటప్పుడు నొప్పి, దిగి కూర్చున్నాక లేదు. పక్కింటి ధనకోటి పవర్‌లూములు ఇప్పుడు నాలుగు అయినాయి. పగలంతా మన గోడ అదురుతుంది. కోడలు అడిగిన చింతపండు ఎవరైనా ఆ వైపు వస్తే పంపిస్తాను.

జాబు కడపట నువ్వు రాసిన మాట దగ్గర నాకు చదువు ఆగిపోయింది. బడివాళ్ళు వళ్ళికి ఇచ్చిన చెవి పెట్టె వల్ల ఫలం లేదని నేను రాశాను. అయితే ఇంక ఆ బడి చాలు, జూన్‌లో వచ్చి పాపను ఇక్కడికి తెచ్చుకుంటాను, తల్లి దగ్గరైనా ఉంటుంది అన్నావు. నీ మాటలో తప్పు లేదు. తప్పు యాడుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందు పెట్టె సంగతి చెప్తాను. అది నాకే సరిగ్గా తెలియలేదు.

సెలవులకు వళ్ళిని పిలుచుకు రావడానికి తిరువళ్ళూరు చెవిటి పిల్లల బడికి పోయాను కదా. కాంచన టీచరమ్మ రెండు పెట్టెలు ఇచ్చింది. రెండూ బ్యాటరీతో నడిచేవి. ఒకటి సిగరెట్టు పెట్టెంత. దానికి చిన్న మైకు. అది నా మెడలో. రెండోది వళ్ళి రొమ్ము మీద, దాని తీగలు చెవుల్లోకి. రెంటికీ నడుమ తీగ లేదు. బడి మొత్తానికి ఇవి ఆరు జతలేనంట. ఎవరి ఇంట్లో పనికి వస్తే వాళ్ళకే వచ్చే ఏడాది కూడా ఇస్తారంట.

పాత చెవి మిషను పెడితే వళ్ళి పెరికి పారేసేది. అందులో మన మాట కంటే మగ్గాల మోతే ఎక్కువ. ఇందులో మోత రాదు అన్నది టీచరమ్మ.

"ఎట్ల రాదమ్మా?" అన్నాను.

"మైకు మీ నోటికాడే ఉండాది గదా తాతా. మీ మాట ఒక దారిలో పోతాది. పాప పెట్టె ఆ దారి ఒక్కటే పట్టుకుంటాది. మగ్గం దూరంగా ఉండాది, దాని చప్పుడు మైకు దాకా చాలా తక్కువ వస్తాది."

"రేడియో పాటలు అడ్డం రావా?"

"వాటికి వేరే దారి."

"ఆ దారి యాడుందమ్మా?"

"గాలిలో."

నేను పైకి చూశాను. టీచరమ్మ నవ్వింది. ఆర్.కె.పేట బస్సు పోయే దారిలో ఎడ్లబండి కూడా వస్తుంది కదా, ఇది ఎందుకు రాదు అని అడగాలనుకున్నాను. సిగ్గుపడి సరే అన్నాను. నువ్వు కరెంటు పని నేర్చినవాడివి. నాకు అర్థమయ్యేలా రాయి.

ఏ భాషైనా సరే, పాపతో మాట్లాడుతూ ఉండండి అని చెప్పి పంపింది. నాకు మాటలు తక్కువ అని నీకు తెలుసు. తిన్నావా, పండుకో. అంతకు మించి నాకు రాలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను ఆమెను పేరుపెట్టి పిలవలేదు. ఇదిగో అనేవాణ్ణి. మా కాలంలో అంతే. ఆమె పోయాక, రోజూ మగ్గం మీద కూర్చుని, పోగుల నడుమ మొదటిసారి నాడె విసిరే ముందు ఆ పేరు అనడం అలవాటయింది. అలిమేలూ, పోగు తెగింది. అలిమేలూ, ఈరోజు ఎండ జాస్తి. ధనకోటి మగ్గాల మోతలో అది నా చెవికే వినబడదు. ఆ ధైర్యంతో అనేవాణ్ణి.

పెట్టె తెచ్చిన నాలుగో రోజు ముందరి గదిలో ఆడుకుంటున్న వళ్ళి మగ్గం కాడికి వచ్చింది. మగ్గం కొయ్యను తట్టింది. "అలిమే" అన్నది. అమ్మ అనే మాట తప్ప ఎరగని బిడ్డ. మళ్ళీ తట్టి, "అలిమే, అలిమే" అన్నది. మెడలో మైకు ఉన్న సంగతి మరిచి రోజూ మగ్గం ఆడే ముందు నేను అంటాను కదా, అది మగ్గం పేరు అనుకుంది.

అదే సమయానికి ధనకోటి పెండ్లాము కుప్పమ్మ మజ్జిగ చెంబుతో వాకిట్లో ఉంది.

"ఏం మామా, మగ్గానికి అత్త పేరు పెట్టినావా? ఉన్నప్పుడు ఒక్కనాడన్నా పిలిచినావా ఆయమ్మను?" అని నవ్వింది. తరువాత కొంగుతో కండ్లు తుడుచుకుంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ రోజే నా మెడలోని పెట్టె స్విచ్ ఆపేశాను. వళ్ళి దాని పెట్టెను తట్టి తట్టి చూసుకునేది. నేను చూడనట్టు నాడె వేసుకునేవాణ్ణి. బడివాళ్ళు పంపిన కాగితంలో ఫలం లేదు అని సంతకం చేశాను. నీకూ అదే రాశాను. అబద్ధం రాశాను నాయనా.

నీ జాబు చూశాక ఇంక దాచకూడదు అనుకున్నాను. సోమవారం వళ్ళిని పిలుచుకుని మొదటి బస్సుకే తిరువళ్ళూరు పోయి, సెలవుల్లోనూ బడికి వస్తున్న టీచరమ్మకు నిజం చెప్పాను. ఆమె కోపపడలేదు. "అట్లయితే చూపించండి తాతా. ఆ కొనకు పోయి, ముఖం అటు తిప్పుకుని ఏదన్నా ఒక మాట చెప్పండి" అన్నది.

మెడలోని పెట్టె స్విచ్ వేసుకుని వసారా కొనకు పోయాను. రోడ్డు మీద లారీలు. ఆఫీసు గదిలో గుమాస్తా, ఇంకా ఎవరో ఇద్దరు నన్నే చూస్తున్నారు. ఏ మాట చెప్పాలో తోచలేదు. నోటికి ఆ పేరు ఒక్కటే వచ్చింది. అన్నాను.

తిరిగి చూస్తే, వళ్ళి కుడిచెయ్యి గాలిలో నాడె విసురుతోంది.

"ఎవరి పేరు తాతా?" అన్నది టీచరమ్మ.

"మా ఇంటామెది" అన్నాను. గుమాస్తా తల దించుకుని రాసుకున్నాడు.

నేను సంతకం పెట్టిన కాగితం ఆమె చించేసింది. వచ్చే ఏడాది ఒక జత వళ్ళికే అన్నది. కాబట్టి జూన్‌లో నువ్వు రా, కండ్లారా చూసిపో. బిడ్డను బడి మాన్పించి తీసుకుపోవద్దు. నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయి ధనకోటి మగ్గాలు నిలిచిపోయాయి. వళ్ళికి మీ అమ్మ ఫోటో చూపించి, అలిమేలు అని చెప్పాను. ఫోటోను చూసింది. మగ్గాన్ని చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. తరువాత నా మెడలోని మైకు పెట్టె తీసి, పీట ఎక్కి, ఆ ఫోటో మేకుకు తగిలించింది. దిగి వచ్చి, చెవుల్లో తీగలు సర్దుకుని, మీ అమ్మ ముఖం చూస్తూ నిలబడింది. మైకు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు మాట్లాడతారని కదా దానికి తెలిసింది.

ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. స్విచ్ ఆపడానికి మనసు రాలేదు. నేనూ దాని పక్కన నిలబడ్డాను.

ఇట్లు,
నీ నాయన
ఎల్లప్ప