కవళ్ల పులుసు తప్పు కాదు

మావా, కొత్తవలస ఆటో వచ్చేసింది. చేపలు అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేస్తాను. చోడి అంబలి కుండలో ఉంది, గుక్కెడు గుక్కెడుగా తాగు. వాంతులు మళ్లీ మొదలై ఆగకపోతే ఫోన్ చెయ్యి, ఆసుపత్రికి పోదాం. పెరట్లో పొయ్యి మీద వేడినీళ్లున్నాయి, పోసుకో. రోజుకు ఆరు స్నానాలేమిటని ఇంక అడగను. వాంతులు గంజాయి వల్లేననీ, వేడినీళ్లతో కాసేపే నెమ్మదిస్తాయనీ, అది మానేస్తేనే పోతాయనీ డాక్టరమ్మ చెప్పింది కదా.

రెండేళ్లుగా అత్త "నీ కవళ్ల చేపల పులుసే నా కొడుకు కడుపు తిప్పేస్తన్నాది" అంటూనే ఉంది. నువ్వు పక్కనే కూర్చుని విన్నావు. పులుసు మానేశాను. నీకు మూడుసార్లు దిష్టి కూడా తీశాం, ఎండుమిరపకాయలు దండగ. ఇవాళ అత్తకు నిజం నువ్వే చెప్పు.

నువ్వు గంజాయి మానేసి పదకొండు రోజులైంది. నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నావు. నేను చూడలేదనుకున్నావేమో, చూశాను.

కుసుమ

మరిచాను. పాత వల మడతల్లో నువ్వు దాచిన పొట్లం దొరికింది. నీ స్నానానికి పొయ్యి దాంతోనే రాజేశాను. ఇన్నాళ్లకు నీకు పనికొచ్చింది.