నల్లకుచ్చు ఇనపటోపీ

పాత స్టూడియో వెనక కత్తుల షెడ్డులో పనీ, పక్కనే రెండుగదుల ఇంట్లో కాపురమూ చేస్తూ, ఒకప్పుడు గుర్రపు దొరల సినిమాల్లో "ఇనపదొర"గా పదిమందికీ తెలిసి, ముఖం మాత్రం ఒక్కరికీ తెలియని ఫైటరునైన నేను, నా తదనంతరం నా ఆస్తి ఎవరెవరికి ఎలా చెందాలో నిర్ణయిస్తూ, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఏమనగా:

నేను తిన్న దెబ్బలు తలుచుకుని నా తెలివి మీద ఎవరికైనా అనుమానం రావచ్చు. ఆ దెబ్బలన్నీ టోపీకి తగిలాయి, తలకి కాదు. రేపు ఉదయం నా గుండెకి ఆపరేషన్. భయమేమీ లేదని డాక్టరుగారు అన్నారు గానీ, ఆ మాట అంటున్నప్పుడు నా వైపు కాకుండా నా కూతురి వైపు చూశారు. అందుకని ఈ పని ఇవాళే ముగిస్తున్నాను.

1. ఇంతకుముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా నా భార్య పోయిన కొత్తలో, ఒక సినిమా పోస్టరు వెనకాల కోపంగా రాసి బీరువాలో పడేసినది. అందులో నా బావమరిదికి తుప్పుపట్టిన మేకు ఒకటి రాశాను. ఆ మేకు ఇప్పుడు చెల్లదు.

2. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత దీన్ని రాస్తున్న వకీలమ్మగారిదే. ఆవిడ నిదానస్తురాలు. ఇంటి గొడవలూ, తిట్లూ వీలునామాలో అక్కర్లేదని మొదటి పేజీ నుంచీ చెబుతున్నారు. అవి తీసేస్తే మిగిలేది ఒక షెడ్డూ నాలుగు రేకు ముక్కలూ అని చెప్పాను. నిట్టూర్చి రాస్తున్నారు.

3. షెడ్డు, అది ఉన్న స్థలం. హద్దులు: తూర్పున స్టూడియో వెనకగోడ, దక్షిణాన పంక్చర్లు వేసే షాపు, పడమర మురుగుకాలవ, ఉత్తరాన రాకపోకల దారి. ఇది నా స్వార్జితం. స్టూడియో మూతపడినప్పుడు కొనడానికి ఎవరూ ముందుకు రాకపోతే నేను కొన్నాను. లోపలున్న రేకు కవచాలు, కర్ర కత్తులు, డాళ్లు, సుత్తులు, తాళ్లు, పడటానికి వేసుకునే పరుపులతో సహా, ఇది నా కూతురికి దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలెను.

వీలునామా లేకపోతే ఈ షెడ్డు నా పిల్లలిద్దరికీ చెరిసగం అవుతుందని వకీలమ్మగారు చెప్పారు. చెరిసగం అంటే అమ్మకమే. నా కొడుకు చెడ్డవాడు కాడు. టైల్స్ వ్యాపారం వాడిది, సరుకు పెట్టుకోవడానికి చోటు లేక సతమతమవుతున్నాడు. కానీ నా కూతురికి ఈ షెడ్డే లోకం. రేకు కొట్టి కవచం చేస్తుంది. అది తొడుక్కుని మెట్ల మీంచి దొర్లుతుంది. లేచి, ఎక్కడెక్కడ సొట్టలు పడ్డాయో చూసుకుని మళ్లీ కొడుతుంది. నాటకాలవాళ్లూ సినిమావాళ్లూ ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటూ వస్తారు. పడటం నేర్పమని వచ్చే పిల్లలకి మొదటిరోజు అది చెప్పే మాట నాదే: భుజం ముందు, నడుం తర్వాత, పరువు ఆఖర్న. ఈ షెడ్డు గోడౌను అయితే ఆ చేతులతో అది ఏ కార్ఖానాలోనో బాల్చీలకి అడుగులు వేసుకోవాలి. ఈ కాగితం రాయిస్తున్నదే అందుకు. మిగతా క్లాజులన్నీ నా సరదా.

4. రెండుగదుల ఇల్లు, అందులోని బీరువా, మంచాలు, బ్యాంకులో ఉన్నదీ నా కొడుకుకి. చిన్నప్పుడు వాడికి నా పని మీద కాస్త గుర్రు. మీ నాన్న సినిమాలో ఎక్కడున్నాడ్రా అని క్లాసులో అడిగితే, "ఆ డబ్బాలో" అని చెప్పాల్సొచ్చేది. ఎవరూ నమ్మేవారు కాదు. అయినా ప్రతి సినిమాకీ మొదటి ఆటకి నాతో వచ్చేవాడు. తెర మీద నేను పడగానే దెబ్బ తగిలిందేమోనని గబుక్కున లేచి నిలబడేవాడు. పక్క కుర్చీలో ఉన్న నేనే వాడి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేవాణ్ణి. వాడి మీద నాకున్న ప్రేమ వాడికి ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను.

ఇంటితోపాటు, వాడి ఏడో ఏట వాడి కొలతలకి చేసిన బుల్లి కవచం కూడా వాడికే. ఇప్పుడది నా మనవడికి సరిపోతుంది. వాడు వేసుకోనంటే టైల్స్ షాపు గుమ్మంలో నిలబెట్టుకోవచ్చు. షెడ్డు కోసం చెల్లెలితో పోట్లాటకి దిగవద్దని నా మనవి. దిగినా అదే గెలుస్తుంది.

5. ఇనపదొర ముఖం మూత ఎత్తినప్పుడల్లా లోపల కనిపించిన అందమైన ముఖం గల నటుడుగారికి: ఏమీ లేదు. ఆయన ముక్కు ఇచ్చారు, నేను మోకాళ్లు ఇచ్చాను. అక్కడికి సరి.

6. కొయ్యగుర్రం వీధి చివరి బడికి. పైన గుర్రం, కింద తోపుడుబండి. దాని మీద కూర్చుని నేను ఎన్ని కోటల మీదికి దండెత్తానో నాకే తెలియదు, వెనక నుంచి తోసేవాళ్లు మాత్రం ఎప్పుడూ తిట్టుకుంటూనే ఉండేవారు. పిల్లలు ఎక్కేముందు ఎడమ చెవి దగ్గర మేకు లోపలికి కొట్టాలి.

7. నా భార్య కుట్టుమిషను, సూదుల డబ్బా నా కోడలికి. స్టూడియోలో బట్టలగది నా భార్యది. దొంగల ముఠాకి ఆకుపచ్చ అంగీలు, రాకుమారికి నేల ఊడ్చే గౌన్లు, వెనక వరసలో నిలబడే సైనికులకి ముందు భాగం మాత్రమే ఉన్న చొక్కాలు కుట్టేది. ఆ సైనికులు పొరపాటున వెనక్కి తిరిగి పరిగెత్తిన రోజున షూటింగే ఆగిపోయింది. ఇనపటోపీల లోపల దూది మెత్తలు కూడా ఆమే కుట్టేది. కుట్టిన మెత్తను ముందు తన తల మీద పెట్టుకుని, గరిటెతో కొట్టుకుని చూసేది. అది చూసే నేను పెళ్లికి అడిగాను. కోడలు ఆ మిషను మీద ఏం కుట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు గానీ, అప్పుడప్పుడూ ఊరికే అయినా తిప్పుతూ ఉండాలి. పట్టించుకోకపోతే అలుగుతుంది. దాని యజమానురాలూ అంతే.

8. నల్లకుచ్చు ఉన్న ఇనపటోపీ. షెడ్డులో గుమ్మానికి ఎదురుగా మేకుకి వేలాడుతున్నది. ఇది నా బావమరిదికి, కింద చెప్పబోయే షరతు మీద.

బావమరిది అంటే నా భార్యకి తమ్ముడు. ఆ సినిమాల్లో కోటదొంగకి డూపు. కోటదొంగ ఉన్నవాళ్ల కోటలు దోచి లేనివాళ్లకి పంచేవాడు, ఇనపదొర రాజుగారి తరఫున వాణ్ణి పట్టుకోవడానికి తిరిగేవాడు. మేమిద్దరం వంతెనల మీద కొట్టుకున్నాం, విందు బల్లల మీద కొట్టుకున్నాం, ఒకసారి పిండిమరలో కొట్టుకుని ఇంటికి వెళితే నా భార్యకి మాలో మొగుడెవరో తమ్ముడెవరో తెలియలేదు.

మొదటి సినిమా నవ్వుల సినిమా కాదు, పౌరుషాల సినిమా. అందులో కత్తిపోటీ ఘట్టం ఒకటి. కోటదొంగ దొర వేషంలో పోటీకి వచ్చి ఇనపదొరని మట్టి కరిపించాలి. ఇద్దరికీ ఒకే రకం కవచాలు, ముఖం మూతలు దించి ఉంటాయి. ఎవరెవరో చూసేవాళ్లకి తెలిసేది టోపీ మీద కుచ్చుని బట్టే. నాది ఎర్రది, వాడిది నల్లది. మధ్యాహ్నం భోజనాలప్పుడు టోపీలు తీసి బల్ల మీద పెట్టాం. తిన్నాక తొందరలో వాడు నాది పెట్టుకున్నాడు, నేను వాడిది పెట్టుకున్నాను. నెత్తిమీది కుచ్చు పెట్టుకున్నవాడికి కనిపించదు. రెండు టోపీల్లోనూ మెత్త కుట్టింది ఒకే చెయ్యి గనక తలకి కూడా తేడా తెలియలేదు.

ఓడవలసింది నేను గనక ఓడాను. బురదలో బోర్లా పడ్డాను. నా జన్మలో అంత అందంగా ఇంకెప్పుడూ పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారే తప్ప, పడ్డ కుచ్చు ఏ రంగుదో చూడలేదు. గెలిచిన నల్లకుచ్చుకి దండ వెయ్యమని రాకుమారి వేషం వేసినావిడకి చెప్పి ఉంచారు. ఆవిడ పరుగెత్తుకొచ్చి, కత్తి ఎత్తి నిలబడ్డ నా బావమరిదిని దాటుకుని, బురదలో మోకాళ్ల మీద కూర్చుని, దండ నా మెడలో వేసింది. అప్పుడు డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. అద్దె గుర్రాలు ఆ సాయంత్రమే వెళ్లిపోతాయి, వెలుతురు పోతోంది. తీసింది తీసినట్టే ఉంచారు.

హాల్లో జనం పడీపడీ నవ్వారు. మిగతా సినిమాలన్నీ ఆ నవ్వులోంచి పుట్టాయి: గెలిచి అన్నీ పోగొట్టుకునే ఇనపదొర, బోర్లాపడి అన్నీ దక్కించుకునే కోటదొంగ. మా రెండు కుటుంబాలు తిన్న తిండి ఆ బురదలోంచి వచ్చింది.

స్టూడియో మూతపడ్డాక ఒక సన్మానసభ జరిగింది. మైకు చేతికి అందేసరికి నా బావమరిది "ఆ రోజు పడింది నేనేనండీ" అనేశాడు. నల్లకుచ్చు కోటదొంగది, కోటదొంగకి డూపు వాడు. జనం నమ్మక ఏం చేస్తారు? నేను మూడో వరసలో ఉన్నాను. నా వైపు చూసి చెయ్యి కూడా ఊపాడు. ఆ రోజు నుంచీ మా మధ్య మాటల్లేవు.

ఇంతేనా అని వకీలమ్మగారు అడిగారు. అమ్మా, ముఖం కనపడని మనిషికి పడటమే సంతకం. నా సంతకం ఇంకొకడు పెట్టేసుకుంటే మీ కోర్టులో ఏమంటారు? ఆవిడ ఆ ప్రశ్న కూడా రాసుకున్నారు.

నా భార్య ఉన్నంతకాలం తమ్ముడింటికి వెళ్లొచ్చి, వాడి సంగతులన్నీ కుట్టుమిషనుకి చెబుతున్నట్టు చెప్పేది. నేను పేపరు అడ్డం పెట్టుకుని వినేవాణ్ణి. ఆమె పోయిన రోజున వాడు గేటు దగ్గరే నిలబడిపోయాడు. రమ్మని నేను అనలేదు, వాడు రాలేదు. గేటు ఊచలు పట్టుకుని ఏడ్చాడు. వాడి మీద నాకు జాలి ఉంది, కోపమూ ఉంది. రెండూ నాలో ఎప్పటి నుంచో కలిసే కాపురం చేస్తున్నాయి.

ఆ టోపీలో వాళ్లక్క కుట్టిన మెత్త ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అది తనకి ఇప్పించమని నా కూతురి ద్వారా ఎన్నోసార్లు కబురు పెట్టాడు. టోపీ వాడికే. షరతు ఏమనగా: ఆ రోజు బురదలో పడింది ఎవరో, నా కూతురి ఎదుట ఒక్కసారి, నవ్వకుండా చెప్పవలెను. చెప్పనిచో టోపీ మేకునే ఉండవలెను.

9. పైన చెప్పనివి ఏవైనా మిగిలి ఉంటే, లేదా పైన చెప్పినది ఏ కారణం చేతనైనా చెల్లకుండా పోతే, అవి నా కూతురికి చెందవలెను.

10. నన్ను సాగనంపేటప్పుడు కవచం తొడగవద్దు, నా మనవడు ఎంత ఏడ్చినా సరే. ప్రసంగాలు వద్దు. మైకు అసలే వద్దు.

అనుబంధం. పైదంతా పూర్తయ్యాక, సంతకాలకు ముందు జరిగినది ఇది. వకీలమ్మగారి దగ్గర పెన్ను తీసుకుని నా చేత్తో నేనే రాస్తున్నాను.

సాక్షులు ఇద్దరు ఉండాలి. ఒకరు వకీలమ్మగారు. రెండో సాక్షిగా వస్తానన్న పంక్చరు షాపాయన ఇవాళ షాపే తియ్యలేదు. చీకటి పడకముందే నేను ఆస్పత్రిలో చేరాలి. ఏం చెయ్యాలా అనుకుంటుండగా గేటు ముందు వ్యాను ఆగింది. నన్ను తీసుకువెళ్లడానికి నా కూతురు నాతో చెప్పకుండా మావయ్యకి ఫోన్ చేసి, షెడ్డు తనకి రాయిస్తున్న సంగతి కూడా చెప్పిందట. వాడు దిగి, అలవాటు ప్రకారం గేటు దగ్గరే నిలబడ్డాడు. నేను కుర్చీలోంచే "లోపలికి రారా" అన్నాను. ఈ మధ్య మెట్లెక్కినప్పుడు కూడా నాకు అంత ఆయాసం రాలేదు.

రోడ్డు మీదికి వెళ్లి ఎవరినైనా సాక్షిగా పిలుచుకొస్తానని వకీలమ్మగారు చెప్పులేసుకున్నారు. వాడు అడ్డం పడి, "మా బావకి సాక్షి కావాలంటే నేనుండగా రోడ్డున పొయ్యేవాళ్లెందుకండీ" అన్నాడు. ఆవిడ నా వైపు చూశారు. నేను తల ఊపాక అసలు సంగతి చెప్పారు. ఈ కాగితంలో మీకొక వస్తువు రాశారు, సాక్షిగా సంతకం పెడితే చట్టప్రకారం అది మీకు దక్కదు అన్నారు. ఏం వస్తువని అడిగాడు. చెప్పారు. షరతు సంగతి చెప్పవద్దని నేను సైగ చేశాను, చెప్పలేదు.

వాడు మేకు దగ్గరికి వెళ్లాడు. టోపీ దింపి, తిరగేసి, లోపలి కుట్లు వేలితో తడిమి చూసుకున్నాడు. చాలాసేపే చూసుకున్నాడు. మళ్లీ మేకుకి తగిలించి, వచ్చి పెన్ను అడిగాడు. ఆలోచించుకోమని ఆవిడ అంటే, "చిన్నదానికి షెడ్డు ఉండాలండీ. రోడ్డున పొయ్యేవాడు రేపు కోర్టుకి పిలిస్తే వస్తాడా? టోపీదేముంది" అన్నాడు. నా కూతురు గోడ వైపు తిరిగి నిలబడింది.

కాబట్టి ఎనిమిదో క్లాజు చెల్లదు. తొమ్మిదో క్లాజు ప్రకారం టోపీ నా కూతురిది. అది దాన్ని ఎక్కడ ఉంచుకుంటుందో, ఎవరికి ఇచ్చుకుంటుందో దాని ఇష్టం. మేనమామ ఇంటి దారి దానికి తెలుసు.

ఇదంతా చదివించుకుని విని, నా మాటే అని ఒప్పుకుని, షెడ్డులో, టోపీకి ఎదురుగా కూర్చుని సంతకం చేస్తున్నాను.

తేదీ: పద్నాలుగో తారీఖు, గురువారం, మధ్యాహ్నం.

(సంతకం)
ఇనపదొర, లోపలి మనిషి

సాక్షులు:

1. (సంతకం) వకీలు. రాయించినవారు పూర్తి స్పృహతో నా ఎదుట సంతకం చేశారు. వద్దన్నవన్నీ కూడా రాయించారు.

2. (సంతకం) రాయించినవారి బావమరిది, వ్యాను డ్రైవరు, పూర్వం కోటదొంగకి డూపు. మా బావ నా కళ్లెదుటే సంతకం పెట్టాడు. ఇంకొకటి కూడా రాస్తున్నాను, చిన్నది పక్కనే నిలబడి చూస్తోంది. ఆ రోజు బురదలో పడింది కూడా మా బావే. అప్పుడూ ఎదురుగా ఉన్నది నేనే, చూసింది నేనే.