బాప్తిస్మానికి ముందు నా ముఖం

శనివారం రాత్రి

రేపు పొద్దున్నే గెడ్డ వాగులో నా బాప్తిస్మం. ఇవాళ మధ్యాహ్నం దాకా మానేద్దామనే ఉన్నాను.

రీల్స్‌లో ఆ అమ్మాయిల ముఖాలు చూసి తెప్పించుకుని ముఖానికి రాసుకున్న సీరం వల్ల నా బుగ్గలు కందిపోయి పొట్టు లేస్తున్నాయి. నీళ్లలో ముంచి లేపాక ఏ క్రీమూ నిలవదు. ఒడ్డున ఫొటోలు తీయడానికి అందరి చేతుల్లోనూ ఫోన్లే ఉంటాయి. మచ్చలు తగ్గాక బాప్తిస్మం తీసుకుంటానంటే, అమ్మ కాఫీ పళ్లు ఏరుతూనే, "దేవుడికి నీ మొకం తెల్దేటే?" అంది. కోపమొచ్చి అన్నం తినలేదు.

రేపు అమ్మమ్మ కూడా నాతోపాటే దిగుతుంది. ఆవిడ బెంగ వేరు. నుదుటి మీద పచ్చబొట్లు దేవుడికి నచ్చవేమోనని. పాస్టరమ్మ, "వాటితోనే రా అమ్మా, ఆయన నిన్నే కదా పిలిచాడు" అందట. సాయంత్రం ఆ మాట నాకు చెబుతూ ఎంత నిమ్మళంగా నవ్విందో.

ఆవిడ సంతోషంగా ఉందని, ఫిల్టరేసి తీసుకున్న నా ఫొటో ఫోన్లో చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గుంట బాగుంది. ఎవరి పిల్లే?"

ఫోన్ వెనక్కి తీసుకుని ఆ ఫొటో మూసేశాను.

ఇప్పుడే చన్నీళ్లతో ముఖం కడుక్కుని, కాస్త కొబ్బరినూనె రాసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఇక ఇంతే చాలనిపించింది. సీరం సీసా మాత్రం పారేయలేదు, పెట్టె వెనక్కి తోశాను. పొద్దున్న అద్దం చూస్తే మనసు మళ్లీ మారుతుందేమో... చూడకుండానే వెళ్తాను.

నీళ్లలోంచి లేచాక ముందు అమ్మమ్మ వైపే తిరగాలి. ఆవిడ నన్ను గుర్తుపడితే చాలు.