అరికాళ్ల మంటకు సాక్ష్యం

అమ్మా,

ఈరోజు నీ సంవత్సరీకం. నిన్న బాపును హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. నీకున్న షుగరే ఆయనకూ వచ్చింది. నిన్ను ఏడిపించిన అరికాళ్ల మంటే ఆయననూ పట్టుకుంది. షుగర్ రోగుల నరాల మీద పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ఆయన తలకు స్కాన్ తీయించింది. ఆ బొమ్మ చూపిస్తూ, "కాళ్ల నరాలు దెబ్బతిన్నాయి. దాంతో మెదడులో నొప్పి తెలిసే భాగం కూడా మారింది. మీ మంట నిజమే పెద్దాయనా," అంది.

బాపు గెలిచినవాడిలా నా వైపు చూశాడు.

నువ్వు కాళ్లకు తడిగుడ్డ చుట్టుకుని గొర్ల దొడ్డి దగ్గర కూలబడితే, "పని తప్పించుకునేటందుకు యాషాలు ఏస్తాంది," అని పదిమందిలో నవ్వింది ఆయనే. ఆ కాళ్లతోనే నువ్వు చివరిదాకా మంద వెంట తిరిగావు.

తిరుగు బస్సులో ఆయనే మాట తీశాడు. "మీ అమ్మ ఉన్నప్పుడు గీ మిషిన్ ఉంటే తెలుస్తుండె బిడ్డా. నాకేం ఎర్క?"

"మిషినెందుకు బాపూ? అమ్మ నోటితోని చెప్పింది గదా," అన్నాను.

కల్వకుర్తిలో దిగేదాకా ఆయన వంగి అరికాళ్లు రుద్దుకుంటూనే ఉన్నాడు. నాకు జాలి కలగలేదమ్మా.