గ్రేసీకి మొదటి పాఠం

ఉదయగిరి
11 మే 1997, ఆదివారం

బడిలో కుదరదన్నాక గ్రేసీకి ఇంట్లో నేనే చదువు చెప్పాలని తేలింది. ఏం చెప్పాలన్నదే తేలలేదు. ఆటిజం ఉన్న బిడ్డకు ముందు తన అవసరం అడగడం నేర్పమన్నాడు నెల్లూరు డాక్టరు. బిడ్డ తల్లి, మా చెల్లెలు సరోజ, వింజమూరులో ఒకటో తరగతి పుస్తకాలు కొనుక్కొచ్చింది.

"అంత పెద్ద బైబిలు వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పే బిడ్డకు అ ఆలు రావా అక్కా? ఎనిమిదేళ్లు వచ్చినాయి. ఇంకెప్పుడు?" అనింది.

మధ్యాహ్నం చర్చి నుంచి రాగానే గ్రేసీ కడవ దగ్గర నిలబడి ఆ వాక్యమే చెప్పింది. మెచ్చుకున్నాం. మళ్లీ చెప్పింది. సరోజ ముద్దు పెట్టుకుంది. మూడోసారి ఏడుస్తా చెప్పింది. అనుమానమొచ్చి నేను నీళ్లందిస్తే గటగటా తాగేసింది. దాహమని అడగడానికీ, మేం మెచ్చే ఆ మాట ఒక్కటే దానికి తెలుసు.

సరోజ పుస్తకాలు తనే బీరువాలో పెట్టేసింది. "రేపు 'నీళ్లు' అనడం నేర్పక్కా" అనింది, నావైపు చూడకుండా.

సరేనన్నాను. అక్షరాలు రాకుంటే ముందుముందు ఏ బడీ చేర్చుకోదేమోనన్న భయం ఇప్పుడు నాకు పట్టుకుంది. మోకరించినాను గానీ ఏమని అడగాలో తోచలేదు. గ్రేసీ చెప్పిన వాక్యమే మూడుసార్లు చెప్పుకుని లేచినాను. ప్రభువుకు అర్థమై ఉండాలి.