లాసిటర్ భుజం

సెప్టెంబర్ 13, శనివారం

41–3. ఓడింది ఎవరో వేరే రాయక్కర్లేదు.

రాబోయే తరాల కోసం నమోదు చేస్తున్నాను: నేను, రీస్ కంగాస్, వయసు ఇరవై మూడు, చరిత్రలో డిగ్రీ, హార్డ్‌వేర్ కొట్లో మేకులు తూచే ఉద్యోగం. శనివారాల్లో స్లేట్ బే స్టర్జన్స్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్. అంటే ప్రతిసారీ బంతి ముందు నా చేతికే వస్తుంది. దాన్ని దూరంగా విసరాలా, పక్కన పరిగెత్తేవాడికి అందించాలా అన్నది నేనే ఆలోచించాలి. నేను ఆలోచించేలోపు అవతలివాళ్ళు వచ్చి నా మీద కూర్చుంటారు.

స్టర్జన్ అంటే మా సరస్సులో చేప. నూరేళ్ళు బతుకుతుంది, అడుగునే ఉంటుంది. జట్టుకి ఆ పేరు పెట్టినవాడు దూరదృష్టి కలవాడు.

లీగ్ వాళ్ళు కబురు పంపారు. ఈ సీజన్‌లో ఒక్క ఆటైనా గెలవకపోతే మమ్మల్ని తీసేస్తారట.

సెప్టెంబర్ 15, సోమవారం

మమ్మో పొద్దున్నే వార్త మోసుకొచ్చింది. (నాన్నమ్మని మమ్మో అని పిలవడం, పెరట్లో సౌనా అనే ఆవిరిస్నానపు గది: ఫిన్లాండ్ నుంచి వచ్చిన మా పూర్వీకులు వదిలిన ఆస్తి ఈ రెండే.) ఒరేయ్, కోర్ట్ లాసిటర్ మన ఊళ్ళో ఉన్నాడు అంది. బెలూన్ ఊదబోయేదానిలా ఊపిరి బిగబట్టి మరీ చెప్పింది.

ఆ కోర్ట్ లాసిటరే. పద్నాలుగేళ్ళు పెద్ద లీగ్‌లో ఆడినవాడు. ఆయన బంతి విసిరితే అది దిగేలోపు టీ తాగొచ్చనేవారు. ఇప్పుడు నలభై ఒకటి. ఆట మానేసి రెండేళ్ళు. సరస్సు ఒడ్డున కేబిన్ కొనుక్కున్నాడట. బేకరీలో పాస్టీ, అంటే మాంసం కుక్కి కాల్చిన రొట్టె, కొని దాని మీద గ్రేవీ పోయించుకున్నాడట. మా ఊళ్ళో అది మహాపాపం, అయినా మమ్మో క్షమించేసింది. అదే పని నేను చేస్తే, ఈ ఇంట్లో తిండికి ఒక మర్యాద ఉంది, బయటికి పోయి తినరా అంటుంది.

మధ్యాహ్నం కోచ్ ట్రెవారో కొట్టుకొచ్చాడు. తనకి అక్కర్లేని తలుపు కీలు ఒకటి తీసుకుని, నా వంక చూడకుండా దాని వంకే చూస్తూ, ఆయన్ని మన జట్టులోకి అడుగుదామా అబ్బాయ్ అన్నాడు. నన్ను పీకెయ్యాలా వద్దా అని నన్నే సలహా అడిగిన మొదటి మనిషి. అడగండి కోచ్ అన్నాను. కీలు కొనకుండా వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 16

పదేళ్ళ వయసులో నా మంచం పక్క గోడ మీద లాసిటర్ పోస్టర్ ఉండేది. ఈ రహస్యం ఈ డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. మమ్మోకి తెలుసు. కొనిచ్చింది ఆవిడే.

సెప్టెంబర్ 18, గురువారం

ప్రాక్టీస్ జరగలేదు. పార్లమెంటు జరిగింది.

నలభై దాటినవాడిని తెచ్చి ఏం చేసుకుంటాం, మ్యూజియం పెడదామా అంది ఒక పక్షం. ఒరేయ్, ఇప్పుడున్నవాడికి ఇరవై మూడు, వాడితో ఏం చేసుకున్నాం అంది రెండో పక్షం. రెండో పక్షానికి నాయకుడు ఆస్కార్ పెల్టో, నా ప్రాణస్నేహితుడు. కాళ్ళ మధ్య నుంచి బంతి నాకందించేవాడు అతనే. రెండేళ్ళుగా నీ చేతిలో పసిబిడ్డని పెట్టినట్టు పెడుతున్నాను కదరా కంగాస్, ఎంతమందిని జారవిడిచావో గుర్తుందా అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. నవ్వింది నోరొక్కటే.

నాకు ఆ చోటు కావాలి. బాగా ఆడను, నిజమే. కానీ వారమంతా మేకులు తూచేవాడికి శనివారం పదిమంది తన నోటివైపు చూస్తూ, ఏం చేద్దాం చెప్పు అని ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో ఎవరికి చెప్పను?

సెప్టెంబర్ 19

అడగడానికి కోచ్ వెళ్ళలేదు, భయం. మమ్మో వెళ్ళింది, తను కాల్చిన బ్లూబెర్రీ పై పళ్ళెంతో. రేపు మాకు ఆట లేదు, సాయంత్రం వస్తానన్నాడట.

సెప్టెంబర్ 20, శనివారం, రాత్రి 8

మా పద్ధతి ఇది: జట్టులోకి వచ్చేవాడు ముందు మా సౌనాలో కూర్చోవాలి. నడుముకి తువ్వాలు తప్ప ఒంటి మీద ఏమీ ఉండదు కాబట్టి గొప్పలు చెప్పుకోవడం కష్టం. అక్కడ విన్నదీ చూసిందీ గుమ్మం దాటకూడదు. చర్చిలో విన్నది బయట వాగినా ఊరు ఊరుకుంటుంది. సౌనాలో విన్నది వాగితే మళ్ళీ గడప ఎక్కనివ్వరు.

ముగ్గురమే: కోచ్, లాసిటర్, నేను. కోచ్ కళ్ళద్దాలు బయట పెట్టొచ్చాడు. అవి లేకపోతే ఆయనకి నేనూ పొయ్యీ ఒకేలా కనిపిస్తాం. కాబట్టి చూసింది నేనొక్కణ్ణే.

లాసిటర్ కుడి భుజం నిండా కుట్ల గుర్తులు, ఒకదాని మీద ఒకటి. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోయడానికి గరిటె ఎడమచేత్తో తీసుకున్నాడు. నుదుటి చెమట తుడుచుకోబోయి, కుడిచేతిని గడ్డం దాకా తెచ్చి ఆపేశాడు. చెయ్యి పైకి రాలేదు. తలే కిందికి వంచాడు.

కోచ్ కేకలు పెడుతూ సరస్సులో దూకడానికి పరిగెత్తాడు. నేను చూశానన్న సంగతి లాసిటర్ చూశాడు. పదిహేను గజాలు అన్నాడు. బంతి అంతకు మించి పోదట. మూడు ఆపరేషన్లట. ఇంకెక్కడా చెప్పలేదట.

మరి వస్తానని ఎందుకన్నారు సార్ అన్నాను.

మీ నాన్నమ్మ గుమ్మంలో నిలబడి, బాబూ, మా పిల్లలు ఓడిపోతున్నారు, కాస్త వస్తావా అంది అన్నాడు. ఈ రెండేళ్ళలో జనం ఫొటో అడిగారట, సంతకం అడిగారట. రమ్మని మాత్రం ఎవరూ అడగలేదట. కావాలంటే నువ్వు చెప్పెయ్, పోయేది నీ చోటే కదా, ఆవిడకి మాత్రం నేను చెప్పలేను అన్నాడు.

మా పోస్టర్‌లో ఈయన ఆ చెయ్యే ఆకాశంలోకి ఎత్తి నిలబడి ఉండేవాడు.

ఇక్కడి మాట బయటికి పోదు సార్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు. వేడికి బుర్ర మెత్తబడుతుంది.

సెప్టెంబర్ 21

ఎలా ఉన్నాడ్రా అని మమ్మో అడిగింది. చెమట బాగా పడుతుంది అన్నాను.

సెప్టెంబర్ 23, మంగళవారం

ఓటింగ్. ఒకసారి బంతి విసిరి చూపించమని అడుగుదాం అన్నారెవరో. అంతటివాణ్ణి పట్టుకుని ఏదీ నీ పనితనం అని అడుగుతామా, సిగ్గులేదా అని కోచ్ మండిపడ్డాడు. మా ఊరి మర్యాద ఎప్పుడూ ఇలాంటి చోటే మేలుకుంటుంది.

తర్వాత నావైపు తిరిగాడు. నువ్వు పక్కనే కూర్చున్నావు, కళ్ళున్నవాడివి, చెయ్యి ఎలా ఉంది చెప్పు అన్నాడు.

పదిహేను గజాలు. రెండే మాటలు. అంటే చాలు, నా శనివారాలు నాకు మిగులుతాయి. అవి నాలుక చివరిదాకా వచ్చాయి. లాసిటర్ గుమ్మంలో బ్లూబెర్రీ పై పట్టుకుని నిలబడ్డ మమ్మో కూడా కళ్ళ ముందుకొచ్చింది.

ఒకటి కాదు కోచ్, రెండు చేతులూ ఉన్నాయి, తీసుకోండి అన్నాను.

నవ్వులు. అందరూ చేతులెత్తారు. అందరికంటే ముందు ఎత్తింది నేను. త్యాగమూర్తులకి విగ్రహాలు కట్టే కమిటీ ఏదైనా ఉంటే నా కొలతలు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతాయి.

సెప్టెంబర్ 27, శనివారం

గెలిచాం! గెలిచాం! పైన్ రిడ్జ్ మీద, 17–13!

వరసగా రాస్తాను. లాసిటర్ మైదానంలోకి నడిచేసరికి అవతలివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. వాళ్ళ కోచ్ గొంతు చించుకుంటున్నాడు: వెనక్కి, ఇంకా వెనక్కి, నెత్తి మీంచి విసిరేస్తాడ్రా దద్దమ్మల్లారా అని. సగంమంది ఎక్కడో దూరంగా పోయి ఆకాశం చూస్తూ నిలబడ్డారు. లాసిటర్ బంతి తీసుకుంటాడు. దూరంగా, చాలా దూరంగా చూస్తాడు, అంతే. వాళ్ళు ఇంకా వెనక్కి పరిగెత్తుతారు. బంతి మాత్రం పక్కన పరిగెత్తే మా ఎమెట్ చేతిలో పెడతాడు. ముందంతా ఖాళీ. ఎమెట్ పరిగెత్తాడు. మళ్ళీ అదే. మళ్ళీ అదే.

బెంచీ మీద నాకు మూడోసారికి అర్థమైంది. ఆ భుజానికి భయపడి వాళ్ళు మైదానమే అప్పగించేస్తున్నారు. నేను మంగళవారం నోరు జారి ఉంటే ఈపాటికి పైన్ రిడ్జ్‌లో కుక్కలకి కూడా తెలిసి ఉండేది.

చివరి నిమిషం. 10–13, వెనకబడే ఉన్నాం. లాసిటర్ కాలికి ఏదో అయినట్టు కుంటుతూ బయటికొచ్చి, నువ్వు వెళ్ళు అన్నాడు. చెవిలో చెప్పాడు: నిన్ను చూడగానే అందరూ ముందుకొచ్చేస్తారు, నువ్వంటే వాళ్ళకి భయం లేదు, దూరంగా విసురు.

వచ్చేశారు! నన్ను చూసి పండగ భోజనానికి వచ్చినట్టు వచ్చేశారు. ఆస్కార్ బంతి అందిస్తూ, జారవిడిస్తే చంపేస్తాను బంగారం అన్నాడు. కళ్ళు మూసుకున్నానో తెరిచానో తెలియదు. విసిరాను. తాగినవాడి నడకలా వంకర్లు పోయింది. వాళ్ళ నెత్తి మీంచి పోయింది. అక్కడ ఎమెట్ తప్ప మానవుడు లేడు, పట్టుకుని చివరి గీత దాటేశాడు.

మమ్మో మైదానంలోకి పరిగెత్తుకొచ్చి ముందు లాసిటర్‌ని కౌగిలించుకుంది. నన్ను తర్వాత. రాసి పెడుతున్నాను.

సెప్టెంబర్ 28

ముసలాయన ఒక్కసారైనా దూరంగా విసరలేదేంట్రా అని ఆస్కార్ అడిగాడు. అవసరమేముంది అన్నాను. నా భుజం మీద ఒక్కటి చరిచాడు. అవును అవసరమేముంది అన్నాడు.

సెప్టెంబర్ 30

లీగ్ మమ్మల్ని ఉంచుతోంది. సీజన్ చివరిదాకా లాసిటరే ఆడతాడు. నాది బెంచీ. కుళ్ళు లేదని రాస్తే ఈ డైరీ నమ్మదు. ఆయన ఎమెట్‌కి బంతి అందించే తీరు ఇంత దగ్గర నుంచి చూడ్డానికి మాత్రం ఆ పోస్టర్ పక్కన పడుకున్న పదేళ్ళవాడు ఏమైనా ఇచ్చేవాడు.

అక్టోబర్ 9, గురువారం

పెట్రోల్ బంకులో ఎల్లుండి మాతో ఆడబోయే జట్టు కోచ్ నన్ను పట్టుకున్నాడు. నిజం చెప్పు బాబూ, పెద్దాయన చెయ్యి ఇంకా అలాగే ఉందా అన్నాడు.

అరచేతులు రెండూ చాచి బొబ్బలు చూపించాను. ప్రాక్టీసులో ఆయన బంతులు పట్టీ పట్టీ ఇలా అయ్యాయండి అన్నాను. అవతలి కోచ్ మొహంలో రంగు పోయింది.

చలికాలానికి లాసిటర్ ఇంటికి కట్టెలు ఇంకా సగమే కొట్టాను, గొడ్డలి పిడి మహా గరుకు.